తెగిన ఒప్పందాలు: మెక్సికో మత్తు వ్యాపారంలో హింసకు మూలాలు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన జీవితమంతా సెషన్స్ కోర్టులో ముద్దాయిల తరఫున వాదించారు. హత్య కేసు చేతికొస్తే ఎవరు చంపారన్న దగ్గర ఆయన ఆగేవారు కారట. చంపాల్సినంత అవసరం ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా కాగితాలు తిరగేస్తూనే ఉండేవారని ఆయన జూనియర్లు చెబుతారు. ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం మెక్సికో దేశం ముందు పెట్టదలిచాను. మాదకద్రవ్యాల దొంగవ్యాపారం లేని దేశం లేదు. కానీ మనుషులు వేలల్లో చచ్చే పరిస్థితి కొన్ని చోట్లే, కొన్ని కాలాల్లోనే వచ్చింది. ఎందుకు?

2010 జనవరి 30 రాత్రి సియుదాద్ హువారెస్ నగరంలో, కార్మికులు ఉండే ఒక కాలనీలో, కుర్రాళ్లు పుట్టినరోజు పండగ చేసుకుంటున్నారు. ఎక్కువమంది విద్యార్థులు. కార్లలో వచ్చిన సాయుధులు వీధిని మూసేసి, లోపలికి చొరబడి కాల్చారు. 15 మంది చనిపోయారు. అక్కడున్నది ఎదుటి ముఠావాళ్లని పొరపడి చేసిన దాడి అది. ఆ సమయంలో జపాన్ పర్యటనలో ఉన్న అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ ఇదేదో ముఠాల గొడవ అన్న ధోరణిలో మాట్లాడారు. తర్వాత హువారెస్ వచ్చి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సభలో, బిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తల్లి లేచి, మీకు స్వాగతం చెప్పలేనని ఆయన ముఖం మీదే అంది.

ఆ ఒక్క ఏడాదిలో హువారెస్‌లో 3,000 మందికి పైగా హత్యకు గురయ్యారు. ఊరిని ఆనుకుని రియో గ్రాందె నది. నది అవతల అమెరికా, టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నగరం. అదే 2010లో ఎల్ పాసోలో జరిగిన హత్యలు 5. హువారెస్ దాటిన కొకైన్, హెరాయిన్, గంజాయి ఎల్ పాసో వీధుల మీదుగానే లోపలికి వెళ్తాయి. రెండు ఊళ్లలోనూ ఉండేది చాలావరకు ఒకే జాతి, ఒకే భాష, ఒకరికొకరు చుట్టాలు. సరుకు అదే, చేతులు మార్చేవాళ్లలోనూ పెద్ద తేడా లేదు. మరి శవాల లెక్కలో ఇంత తేడా ఎందుకు? నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క తేడాకు జవాబు వెతకడమే.

మత్తు తలకెక్కి మనిషి మృగమవుతాడు, అందుకే హత్యలు అనేది మనం తరచూ వినే జవాబు. సినిమాలు అదే చూపిస్తాయి, పోలీసు ప్రకటనలూ అటే మొగ్గుతాయి. 1985లో పాల్ గోల్డ్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ హింసను మూడు రకాలుగా విడదీశాడు. మత్తులో చేసేది ఒకటి. మత్తు కొనుక్కునే డబ్బు కోసం చేసేది రెండోది. వ్యాపారం నడవడానికి, నడుపుకోవడానికి చేసేది మూడోది. తర్వాత ఆయన బృందం 1988లో న్యూయార్క్‌లో జరిగిన 414 హత్యలను పోలీసు రికార్డులతో కలిపి పరిశీలించింది. క్రాక్ కొకైన్ ఆ నగరాన్ని ఊపేస్తున్న కాలం అది. వాటిలో 218 హత్యలకు మత్తుపదార్థాలతో లేదా మద్యంతో సంబంధం ఉంది. ఆ 218లో 162 మూడో రకం, అంటే వ్యాపార తగాదాలు. మత్తులో జరిగినవి 31. ఆ 31లోనూ ఎక్కువభాగానికి కారణం చట్టం అనుమతించిన మద్యమే. డబ్బు కోసం దోచి చంపినవి 8. ఈ లెక్క ఒక నగరానిది, ఒక కాలానిది. అన్నిచోట్లా ఇదే నిష్పత్తి ఉంటుందని ఎవరూ అనలేరు. కానీ చూపు ఎటు తిప్పాలో ఇది చెబుతుంది. పీల్చేవాడి మెదడులో కంటే అమ్మేవాడి లావాదేవీలో వెతకాలి.

వ్యాపారం అన్నాక అప్పుగా సరుకు ఇవ్వడం ఉంటుంది, బాకీలుంటాయి, మాట తప్పేవాళ్లుంటారు. గుమాస్తా చేతివాటం చూపిస్తాడు. భాగస్తుడు వేరు కుంపటి పెడతాడు. మామూలు వ్యాపారి ప్రామిసరీ నోటు పట్టుకుని కోర్టుకు వెళ్తాడు, కాకపోతే పెద్దమనుషుల్ని కూర్చోబెడతాడు. కొకైన్ వ్యాపారికి కోర్టు లేదు. పదికోట్ల సరుకు ఎగ్గొట్టినవాడి మీద దావా వేయలేడు. మాట తప్పితే ఏమవుతుందో ముందే తెలిసేలా చేయడం ఒక్కటే అతనికి ఉన్న పూచీ. పైగా ఈ సరుకు విలువంతా ప్రమాదం నుంచే వస్తుంది. కొలంబియాలో కిలో కొకైన్ రెండు మూడు వేల డాలర్లకు దొరికితే, అమెరికాలో టోకున అదే కిలో పాతికవేల డాలర్లు దాటుతుంది. మధ్యలో పెరిగింది రవాణా ఖర్చు కాదు. జైలు, చావు అనే రెండు భయాలకు కట్టిన వెల అది. ఆ రెంటికీ వెనకాడనివాడు ఈ వ్యాపారంలో పైకొస్తాడు.

1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్నప్పుడు బీరు, విస్కీ విషయంలో ఇదే జరిగింది. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చి చంపారు. నిషేధం ఎత్తేశాక అదే బీరును అమ్ముకునే కంపెనీలు వాటాల కోసం ఒకరి మేనేజర్లను ఒకరు చంపుకోలేదు. ఇది చూసి చాలామంది, నిషేధమే హింసకు తల్లి, నిషేధం తీసేస్తే హింస పోతుంది అంటారు. సగం నిజం. మన దగ్గరా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1995 నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం నడిచింది. దొంగసారా కాచారు, పొరుగు రాష్ట్రాల సీసాలు లారీల్లో వచ్చాయి, మామూళ్లు పంచుకున్నారు. షికాగో మాత్రం రాలేదు. బొలీవియా ప్రపంచంలో కోకా పండించే దేశాల్లో మూడోది. అక్కడి హత్యల రేటు మెక్సికోతో పోలిస్తే చాలా తక్కువ. మెక్సికోలోనే, ఈ వ్యాపారం దశాబ్దాల పాటు ఇంత నెత్తురు పారకుండానే నడిచింది. చట్టవిరుద్ధం కావడం హింసకు తలుపు తెరుస్తుంది. ఆ తలుపులోంచి ఎప్పుడు, ఎంతమంది తుపాకులతో దూరతారన్నది ఇంకో విషయం మీద ఆధారపడి ఉంటుంది. రక్షణ ఎవరు అమ్ముతున్నారు, ఆ అమ్మేవాడి మాట ఎంతకాలం చెల్లుతుంది అన్నది ఆ విషయం.

మెక్సికోలోని సినలోవా రాష్ట్రం కొండల్లో నల్లమందు సాగు గత శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే ఉంది. 1929 నుంచి 2000 దాకా, 71 ఏళ్లు, మెక్సికోను పీఆర్‌ఐ అనే ఒకే పార్టీ పాలించింది. అధ్యక్షుడు, గవర్నరు, మేయరు, పోలీసు అధికారి, అందరూ ఆ పార్టీ నిచ్చెన మెట్ల మీదివాళ్లే. స్మగ్లరుకు ఎవరికి డబ్బు కట్టాలో తెలుసు, కట్టాక ఏం దొరుకుతుందో తెలుసు. 1947లో ఏర్పడిన డీఎఫ్‌ఎస్ అనే కేంద్ర నిఘా సంస్థ ఇందులో ముఖ్యమైన దళారి. ఆ సంస్థ గుర్తింపు కార్డులు పెద్ద స్మగ్లర్ల జేబుల్లో ఉండేవి. షరతులు రాసిపెట్టి లేవు గానీ అందరికీ తెలుసు. వీధుల్లో శవాలు కనపడకూడదు, స్కూళ్ల దగ్గర అమ్మకూడదు, రాజకీయాల్లో తల దూర్చకూడదు. ఈ ఏర్పాటులో న్యాయం ఏమీ లేదు. 1977లో ఆపరేషన్ కాండోర్ పేరిట పదివేల మంది సైనికులు సినలోవా కొండల మీదికి వెళ్లినప్పుడు చిత్రహింసలు, వలసలు అనుభవించింది రైతులు. పెద్దలు గ్వాదలహారా నగరానికి మకాం మార్చి ఇంకా పెద్దవాళ్లయ్యారు. ఫ్లోరిడా మీదుగా కొలంబియా కొకైన్ రావడానికి అమెరికా అడ్డుకట్ట వేసిన కొద్దీ ఆ సరుకు మెక్సికో దారి పట్టింది. చేరవేసినందుకు కూలీ తీసుకునే మెక్సికన్లు తర్వాత కూలీకి బదులు సరుకులో వాటా అడిగారు. ఆ వాటాతో చిల్లర ముఠాలు సామ్రాజ్యాలయ్యాయి.

1985 ఫిబ్రవరిలో ఎన్రికె కమరెనా అనే అమెరికా మాదకద్రవ్య నిరోధక అధికారిని గ్వాదలహారా వీధిలోంచి ఎత్తుకెళ్లి చిత్రహింసలు పెట్టి చంపారు. అమెరికా ఒత్తిడితో అదే ఏడాది డీఎఫ్‌ఎస్‌ను రద్దు చేశారు. 1989 ఏప్రిల్‌లో పెద్ద మధ్యవర్తి మిగెల్ ఆంహెల్ ఫెలిక్స్ గయార్దోను పట్టుకున్నారు. దారులు పంచి, వాటాలు తేల్చి, తగువులు తీర్చేవాడు జైలుకు వెళ్లాడు. తిహువానా, హువారెస్, సినలోవా ముఠాలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1993 మేలో, గ్వాదలహారా విమానాశ్రయంలో రెండు ముఠాల కాల్పుల మధ్య క్యాథలిక్ చర్చి కార్డినల్ ఒకాయన చనిపోయాడు.

ఇక్కడ మనల్ని ఇబ్బందిపెట్టే ఒక సంగతి ఉంది. ప్రజాస్వామ్యాన్ని ప్రేమించేవాడిగా నాకు ఇది చెప్పడం కష్టంగానే ఉంది. 1989లో బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో మొదటిసారి ఒక ప్రతిపక్ష నాయకుడు గవర్నరుగా గెలిచాడు. తర్వాత ఒక్కో రాష్ట్రమే పీఆర్‌ఐ చేజారింది. గిల్లెర్మో త్రేహో, సాంద్రా లేయ్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రజ్ఞులు 2020లో తెచ్చిన పుస్తకంలో ఈ వరసను రాష్ట్రాలవారీగా చూపించారు. కొత్త గవర్నరు వస్తాడు, పోలీసు పెద్దలను, ప్రాసిక్యూటర్లను మారుస్తాడు. పాతవాళ్లకు కట్టిన డబ్బు చెల్లదు. కొత్తవాడు ఎవరి పక్షమో తెలియదు. ఎదుటి ముఠా అతన్ని ముందే కొనేసిందేమో తెలియదు. ఆ అనుమానంలో ప్రతి ముఠా సొంత సైన్యం పెట్టుకుంది. తిహువానా వాళ్లు సరిహద్దు దాటి అమెరికాలోని సాన్ డియాగో వీధి ముఠాల కుర్రాళ్లను తెచ్చుకున్నారు. గల్ఫ్ కార్టెల్ నాయకుడు ఓసియెల్ కార్దెనాస్ ఏకంగా సైన్యంలోని ప్రత్యేక దళం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను చేర్చుకున్నాడు. వాళ్లే సేతాస్. దేశం డబ్బుతో నేర్చుకున్న గెరిల్లా యుద్ధ విద్య అద్దెకు దొరికింది.

తప్పు ఎన్నికలది కాదు. పార్టీ మారింది గానీ పోలీసు, కోర్టు, జైలు మారలేదు. కొత్త ప్రభుత్వాలు పాత లంచాల యంత్రాన్నే వారసత్వంగా తీసుకున్నాయి, డ్రైవరు మాత్రం మారాడు. ఎల్ పాసోకూ హువారెస్‌కూ తేడా ఇక్కడే ఉందని నా నమ్మకం. నది అవతల హత్య చేస్తే దర్యాప్తు వస్తుందని, ఆ దర్యాప్తును డబ్బుతో ఆపడం కష్టమని ప్రతి స్మగ్లరుకీ తెలుసు. అందుకే సరుకు దాటించి, నోరు మూసుకుని పోతాడు. ఇవతల నూటికి తొంభైకి పైగా నేరాలకు శిక్ష ఉండదు.

2006 డిసెంబర్ 1న కాల్దెరోన్ పదవి చేపట్టారు. అతి తక్కువ ఓట్ల తేడాతో గెలిచిన మనిషి. పది రోజులకే మిచోవాకాన్ రాష్ట్రానికి వేలమంది సైనికులను పంపారు. 2007లో దేశం మొత్తం మీద నమోదైన హత్యలు సుమారు 8,900. 2011లో అవి 27,000 దాటాయి. 2018కి 36,000 దాటాయి. కాల్దెరోన్ సైన్యాన్ని పంపే నాటికి దేశంలో హత్యల రేటు చాలా ఏళ్లుగా తగ్గుతూ వస్తోందన్నది చాలామంది మరచిపోతారు.

సైన్యం వెళ్లినందువల్ల హింస పెరిగిందా, హింస ఉన్నచోటికే సైన్యం వెళ్లిందా? న్యాయమైన ప్రశ్నే. హార్వర్డ్ ఆర్థికవేత్త మెలిసా డెల్ దీనికి ఒక మంచి ఉపాయం కనిపెట్టింది. కాల్దెరోన్ పార్టీ అభ్యర్థి మేయరుగా వెంట్రుకవాసిలో గెలిచిన పట్టణాలనూ, అలాగే కొద్దిలో ఓడిపోయిన పట్టణాలనూ పోల్చింది. ఎన్నికకు ముందు ఈ రెండు రకాల పట్టణాల్లో తేడా లేదు. ఎన్నిక తర్వాత, ఆ పార్టీ గెలిచి ముఠాల మీద ఉక్కుపాదం మోపిన పట్టణాల్లో మత్తు వ్యాపార హత్యలు గణనీయంగా పెరిగాయి. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ముఠాలకు చెందినవాళ్లే. పాత పెత్తందారు బలహీనపడగానే ఆ చోటు కోసం ఇంకొకడు వచ్చాడు. సరుకు ఆగలేదు, పక్క ఊళ్ల దారి పట్టింది.

నాయకుణ్ణి పడగొడితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2009 డిసెంబర్ 16న నౌకాదళ సైనికులు కుయెర్నవాకాలో అర్తూరో బెల్త్రాన్ లేవాను చంపారు. ఆ దాడిలో చనిపోయిన సైనికుడి అంత్యక్రియలు అయిన కొన్ని గంటలకే హంతకులు అతని ఇంటికి వెళ్లి తల్లినీ తోబుట్టువులనూ చంపారు. బెల్త్రాన్ లేవా ముఠా ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి గెరెరో రాష్ట్రంలో పాతుకుపోయిన గెరెరోస్ ఉనీదోస్. కొండల్లో నల్లమందు, షికాగోకు హెరాయిన్, ఇగ్వాలా పట్టణ పోలీసులు దాని జీతగాళ్లు. 2014 సెప్టెంబర్ 26 రాత్రి ఆ పట్టణంలో బస్సులు పట్టుకున్న ఆయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు 43 మందిని పోలీసులు పట్టుకుని ముఠాకు అప్పగించారు. వాళ్లలో ముగ్గురి ఎముకల ముక్కలు మాత్రమే గుర్తించగలిగారు. 2022లో ప్రభుత్వమే నియమించిన సత్య కమిషన్ దీన్ని రాజ్యం చేసిన నేరం అంది. ఆ పిల్లలు మత్తు వ్యాపారులు కారు. టీచర్లు కాబోయే పేద రైతుల బిడ్డలు.

ఇదంతా పాతకథ అనుకోకండి. 2024 జులై 25న సినలోవా ముఠా పెద్ద ఇస్మాయెల్ సంబాదాను, అదే ముఠా పాత నాయకుడు ఎల్ చాపో కొడుకు ఒకడు బలవంతంగా విమానం ఎక్కించి అమెరికాకు అప్పగించాడు. అమెరికా అధికారులు దాన్ని ఘనవిజయంగా ప్రకటించారు. ఆరు వారాలు గడిచాక, సెప్టెంబర్ 9న, సినలోవా రాజధాని కులియకాన్ వీధుల్లో సంబాదా మనుషులకూ ఎల్ చాపో కొడుకుల మనుషులకూ యుద్ధం మొదలైంది. ఏడాదిలో వెయ్యిమందికి పైగా చచ్చారు. స్కూళ్లు మూశారు, పెళ్లిళ్లు ఆగాయి, సాయంత్రం అయ్యేసరికి అంగళ్లు కట్టేశారు. ఫెంటనిల్ అనే కృత్రిమ మత్తుమందు సరిహద్దు దాటడం మాత్రం ఆగలేదు.

ముఠా ముక్కలయ్యే కొద్దీ ఇంకో సంగతి జరుగుతుంది. అంతర్జాతీయ దారి మీద పట్టులేని చిన్న ముక్కకు డబ్బు ఎలా వస్తుంది? చేతిలో తుపాకి ఉంది, ఊరు భయపడుతుంది. దాంతో మిచోవాకాన్‌లో అవకాడో రైతు దగ్గర, నిమ్మకాయల వ్యాపారి దగ్గర, బస్సు యజమాని దగ్గర కప్పం వసూలు చేస్తుంది. పైపులైన్లకు చిల్లు పెట్టి పెట్రోలు తోడుతుంది. అమెరికాలో 2012 నుంచి ఒక్కో రాష్ట్రం గంజాయిని చట్టబద్ధం చేస్తూ వచ్చినా మెక్సికో ముఠాలు దుకాణం కట్టేయకపోవడానికి కారణం ఇదే. సరుకు మారింది, పని మారింది. ఒకసారి పుట్టిన సాయుధ దళం తన తొలి వ్యాపారం పోయినంత మాత్రాన కరిగిపోదు. చట్టబద్ధం చేస్తే చాలని వాదించే నా మిత్రులు ఈ విషయం మీద ఇంకా గట్టిగా ఆలోచించాలని కోరుకుంటాను.

తుపాకుల సంగతి. మెక్సికోలో చట్టప్రకారం తుపాకి కొనాలంటే సైన్యం నడిపే దుకాణంలోనే కొనాలి. ముఠాల చేతుల్లోని తుపాకులు ఎక్కువగా ఉత్తరం నుంచి వస్తాయి. సైనికతరహా తుపాకుల అమ్మకం మీద అమెరికాలో 1994లో వచ్చిన కేంద్ర నిషేధం 2004లో గడువు తీరిపోయింది. కాలిఫోర్నియాకు మాత్రం తన సొంత నిషేధం ఉంది. టెక్సాస్, ఆరిజోనా, న్యూ మెక్సికోలకు లేదు. ఒయింద్రిలా దుబే, అరింద్రజిత్ దుబే, ఒమార్ గార్సియా పోన్సె అనే ముగ్గురు పరిశోధకులు 2013లో చూపించిందేమిటంటే, 2004 తర్వాత ఆ మూడు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గరున్న మెక్సికో పట్టణాల్లో హత్యలు పెరిగాయి. కాలిఫోర్నియా పక్కనున్న పట్టణాల్లో ఆ పెరుగుదల లేదు. మత్తు ఉత్తరానికి పోతుంది, తుపాకి దక్షిణానికి వస్తుంది. దీని మీద మెక్సికో ప్రభుత్వం అమెరికా తుపాకి కంపెనీల మీద వేసిన దావాను 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది.

దర్యాప్తు సంస్థలోనే శత్రువు కూర్చుని ఉంటే మంచి ఉద్దేశం కూడా చంపుతుంది. 2011 మార్చిలో కోవావిలా రాష్ట్రంలోని ఆయెందె అనే చిన్న పట్టణంలో అది కనపడింది. సేతాస్ నాయకుల ఫోన్ల ఆనవాళ్లు అమెరికా అధికారులకు దొరికాయి. వాళ్లు ఆ సమాచారాన్ని మెక్సికో కేంద్ర పోలీసులలో తామే శిక్షణ ఇచ్చిన ఒక ప్రత్యేక విభాగానికి ఇచ్చారు. అక్కణ్ణుంచి అది సేతాస్‌కు చేరింది. సమాచారం ఇచ్చింది ఎవరో ఊహించుకుని సేతాస్ ఆయెందె మీద పడ్డారు. అనుమానితుల చుట్టాలు, పనివాళ్లు, ఇంటికొచ్చిన అతిథులు, ఎవరినీ వదల్లేదు. ఇళ్లు కూల్చారు. పదుల్లో, బహుశా వందల్లో మనుషులు మాయమయ్యారు. పట్టణ పోలీసులు ఆపకపోగా పట్టి ఇచ్చారు. మెక్సికోలో మాయమైనవారి అధికారిక జాబితా 2022 మేలో లక్ష దాటింది. ప్రభుత్వం వెతకదు కాబట్టి తల్లులే సంఘాలు కట్టి ఇనుప చువ్వలతో పొలాల్లో నేలను పొడిచి వెతుకుతున్నారు. వాళ్లలో కొందరిని వెతుకుతున్నందుకే చంపారు.

ఇదంతా విన్నాక మీలో ఎవరికైనా, అలాంటప్పుడు పాత ఏర్పాటే నయం కదా, ఒకే పెద్ద ఉంటే చాలు కదా అనిపించవచ్చు. దీనికి కొలంబియాలోని మెడెలిన్ నగరం జవాబు చెబుతుంది. 1991లో, కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ రాజ్యంతో యుద్ధం చేస్తున్న రోజుల్లో, ఆ ఒక్క నగరంలో 6,000 మందికి పైగా హత్యకు గురయ్యారు. 1993 డిసెంబర్ 2న ఎస్కోబార్ చనిపోయాక రకరకాల ముఠాలు, గెరిల్లాలు, పారామిలిటరీలు ఆ కొండవాడల కోసం కొట్టుకున్నారు. 2003 తర్వాత హత్యలు హఠాత్తుగా పడిపోయాయి. నగర పాలకులు కట్టిన గ్రంథాలయాలనూ, కొండల మీదికి వేసిన కేబుల్ కార్లనూ ప్రపంచం మెచ్చుకుంది. అవి మంచి పనులే, నేనూ మెచ్చుకుంటాను. కానీ అదే కాలంలో దోన్ బెర్నా అనే పారామిలిటరీ నాయకుడు నగరంలోని దాదాపు అన్ని ముఠాలనూ తన కిందికి తెచ్చుకున్నాడు. ఎవణ్ణి చంపాలన్నా అతని అనుమతి కావాలి. 2008 మేలో అతన్ని అమెరికాకు అప్పగించారు. మరుసటి ఏడాదే హత్యలు రెట్టింపు దాటాయి.

ఆ ప్రశాంతత వెల ఎంతో కోమూనా 13 అనే వాడలో తెలుస్తుంది. 2002 అక్టోబర్‌లో సైన్యం, పోలీసులు అక్కడ పెద్ద దాడి చేశారు, పారామిలిటరీలు వెంట ఉన్నారు. తర్వాత మాయమైన కుర్రాళ్ల తల్లులు, మా బిడ్డలు ఆ మట్టిదిబ్బల కింద ఉన్నారని ఇరవై ఏళ్లు మొత్తుకున్నారు. పిచ్చివాళ్లన్నారు. 2024 డిసెంబర్‌లో అక్కడ తవ్వితే ఎముకలు దొరికాయి. హత్యల పట్టికలో అంకె తగ్గితే భయం తగ్గినట్టు కాదు. ఒకే పెత్తనం కింద శవం రోడ్డు మీద పడదు, మట్టిలోకి పోతుంది. అందుకే పాత ఒప్పందాలను తిరిగి అతికించండి అని నేను అనను.

మరి ఏం చేయాలి? బెంజమిన్ లెస్సింగ్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు మెక్సికో, కొలంబియా, బ్రెజిల్ అనుభవాలు పోల్చి 2017లో ఒక పుస్తకం రాశాడు. ముఠా ఏం చేసినా ఒకే దెబ్బ కొడితే ముఠాకు సంయమనం పాటించే కారణం ఉండదు అంటాడు. చంపినవాడి మీద ముందుగా, గట్టిగా దెబ్బ పడుతుందని, చంపనివాడి వంతు తర్వాత వస్తుందని రాజ్యం నమ్మించగలిగితే హింస తగ్గుతుంది. రియో నగరంలో 2008 నుంచి మురికివాడల్లో పెట్టిన శాంతి పోలీసు దళాలు కొన్నేళ్లు ఆ మేలు చేశాయి. పోలీసుల చేతిలో చావులూ తగ్గాయి. తర్వాత పోలీసులే మళ్లీ మనుషుల్ని మాయం చేయడం మొదలుపెట్టాక, డబ్బూ తగ్గాక, అది కూలింది. పద్ధతి ఎంత మంచిదైనా పాటించే పోలీసును ప్రజలు నమ్మకపోతే నిలవదు.

మన సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతాల్లో శీలావతి రకం గంజాయి పండింది. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో సుమారు 7,500 ఎకరాల పంట నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. తర్వాత సాగు చాలావరకు ఒడిశా కొండలకు జరిగింది. రవాణా మన రోడ్ల మీదే ఉంది. మన్యంలో సినలోవా రాలేదు, నిజమే. ఎందుకు రాలేదని నేను చాలా ఆలోచించాను. పండించేవాళ్లు వేలల్లో ఉన్నారు. కొనేవాళ్లు తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర నుంచి ఎవరికి వారు వస్తారు. దారులు అనేకం, ఏ ఒక్కడి చేతిలోనూ ఒకే గేటు లేదు. తుపాకి దొరకడం కష్టం. నగరాల్లో అమ్మకం కూడా వీధి మూలల మీద కాక ఫోన్ల మీద, డెలివరీ కుర్రాళ్ల మీద నడుస్తోంది. హద్దుల కోసం కొట్టుకోవడానికి హద్దే లేదు. ఈ పరిస్థితి ఎప్పటికీ ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకడు దారులన్నీ గుప్పిట్లో పెట్టుకున్న రోజున, అతనికి ఒక రాజకీయ నాయకుడి అండ దొరికిన రోజున, ఆ అండ పోయిన మర్నాడు ఏం జరుగుతుందో మెక్సికో చూపించింది.

ఈ లోపల శిక్ష ఎవరికి పడుతోంది? 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలకు మించి గంజాయి దొరికితే పదేళ్లకు తగ్గకుండా, ఇరవై ఏళ్ల దాకా జైలు. బెయిలు దాదాపు రాదు. బస్తా మోసినందుకు కూలీ తీసుకున్న ఆదివాసీ కుర్రాడికి 20 కిలోలు పెద్ద బరువు కాదు. విశాఖ కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల ఖైదీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. డబ్బు పెట్టినవాడి పేరు చార్జిషీటులో అరుదుగా కనిపిస్తుంది. రాజ్యం మోసేవాణ్ణి పదేళ్లు లోపల పెట్టి పెట్టుబడిదారుణ్ణి వదిలేస్తే, మోసేవాడు మారతాడు, వ్యాపారం చేతులు మారదు.

ఆంధ్రలో 2024 నుంచి ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పనిచేస్తోంది, తెలంగాణలోనూ అలాంటి విభాగం ఉంది. వాళ్లు పెట్టే ప్రెస్‌మీట్లలో బల్ల మీద ప్యాకెట్లు పేర్చి, ఇన్ని కిలోలు, ఇన్ని కోట్లు అంటారు. ఆ అంకెల పక్కన ఇంకో మూడు అంకెలు చెప్పమని నేను అడుగుతున్నాను. ఈ ఏడాది మత్తు వ్యాపారంతో ముడిపడిన హత్యలు, కిడ్నాపులు ఎన్ని? వాటిలో ఎన్నింటికి శిక్ష పడింది? పట్టుబడ్డవాళ్లలో సరుకు మోసినవాళ్లు ఎందరు, డబ్బు పెట్టినవాళ్లు ఎందరు? ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. జిల్లా పోలీసు కార్యాలయాల్లోని ఎఫ్‌ఐఆర్‌లు, చార్జిషీట్లు చాలు. ఈ సభలో న్యాయవాదులు చాలామంది కనిపిస్తున్నారు. సమాచార హక్కు కింద ఆ దరఖాస్తు వచ్చే వారమే మీరు పెట్టవచ్చు.